భయం మీద పాఠం చెబుతూ పరుగెత్తాను

మా పాత విద్యార్థిని ఒకామె నేను చెప్పిన పాఠమే ఇప్పుడు ఇంకో కాలేజీలో చెబుతోంది. మొన్న ఫోన్ చేసి, తత్త్వశాస్త్రం చెప్పడానికి కొత్తగా ఇద్దరు చేరారనీ, వాళ్లకు పనికొచ్చేలా నా ఉద్యోగం సంగతులు రాసి ఇమ్మనీ అడిగింది. సరేనన్నాను. ఫోన్ పెట్టేయబోతూ, "ఆ కాలి చెప్పు సంగతి వదిలిపెట్టొద్దండి సార్. అది లేకుంటే నేను వాళ్లకియ్యను" అన్నది.

అందుకని చెప్పు సంగతే రాస్తున్నాను. కాగితం ముందు కూర్చున్నప్పటి నుంచి నవ్వు ఆగడం లేదు. మా ఇంటావిడ రత్నమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, నాకేమీ కాలేదని నిర్ధారించుకుని వెళ్లింది.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చాయి, ఆలస్యంగా వచ్చాయి, అంతే. ఫైళ్ల గురించీ రాయను. ఈ ఉద్యోగంలో మీరు ముందుగా చూసుకోవలసింది తలుపు ఎక్కడుందో. మీ బల్ల తలుపుకు దగ్గరగా ఉంటే వెంటనే దూరంగా జరిపించండి. ఎందుకో చెబుతాను.

నా పాఠం

బి.ఏ. చివరి సంవత్సరానికి నేను చెప్పిన పేపర్లో రెండు భాగాలు. మనిషి తనను తాను ఎలా తెలుసుకుంటాడన్నది ఒకటి. భయం, కోపం, సిగ్గు లాంటివి అసలు ఏమిటన్నది రెండోది. కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో మా క్లాసులో పుస్తకం ఇంగ్లీషు, నోట్సు కన్నడం, సందేహాలు తెలుగు, వెనక బెంచీ గుసగుసలు తమిళం. నేను నంగలి నుంచి వచ్చినవాణ్ణి. రాగిచేను, ఆవులు, మామిడి తోపు తప్ప ఏమీ తెలియని ఇంట్లో పుట్టి, పుస్తకాలు చదివి, మనుషుల మనసు నాకు బాగా అర్థమైపోయిందనుకుని వచ్చాను.

ఆ పేపరంటే నాకు ప్రాణం. పాత గ్రీకుల్లో స్టోయిక్కులని ఒక వర్గం. వాళ్ల లెక్కలో భయం మన మీద వచ్చి పడేది కాదు, మనం ఇచ్చే తీర్పు. పాము కనబడడం వేరు, 'ఇది నాకు కీడు' అని మనసు ఒప్పుకోవడం వేరు. ఒప్పుకోకపోతే భయమే లేదు. తర్వాత ఒక ఫ్రెంచాయన వచ్చి ఆత్మను మెదడులో చిన్న గ్రంథి దగ్గర కూర్చోబెట్టాడు. హాలండులో కళ్లద్దాల గాజులు అరగదీసి బతికిన ఒకాయన, ఒక ఉద్వేగాన్ని స్పష్టంగా అర్థం చేసుకుంటే అది మనల్ని ఆడించడం మానేస్తుందన్నాడు. అమెరికాలో ఒకాయన మొత్తం తలకిందులు చేశాడు. దుఃఖం వచ్చి ఏడవడం లేదట, ఏడుస్తున్నాం కాబట్టే దుఃఖమట. మన ఆలంకారికులు హాసాన్ని మనసులో నిలిచి ఉండే భావాల్లో పెట్టారు. వ్రీడను, అంటే సిగ్గును, వచ్చిపోయే భావాల్లో వేశారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. నా విషయంలో సిగ్గు వచ్చిందే కానీ పోలేదు.

వీళ్లందరినీ నేను మెట్లలా చెప్పేవాణ్ణి. ఒకాయన తప్పు చేశాడు, తర్వాతాయన దిద్దాడు, ఆయన్ను ఇంకొకాయన దిద్దాడు, అన్నిటికన్నా పైన మనం. ఇది నా మొదటి తప్పు. మీరు చేయకండి. వాళ్లెవరూ కింద లేరు. మనం ఏ గదిలో దాక్కుంటే ఆ గది తలుపు తీయగలిగినవాడు వాళ్లలో ఒకడుంటాడు.

ఆ క్లాసులో ప్రేమలీల అని ఒక అమ్మాయి. వాళ్ల నాయన గనిలో పని. మైన్స్ మూసేస్తారన్న మాట అప్పటికే ఊళ్లో తిరుగుతోంది. పని పోతే, పనితో వచ్చిన ఇల్లూ పోతుంది. ఈమె బి.ఏ. పాసై ఎక్కడైనా కుదురుకుంటే చాలని ఆ ఇల్లు మొత్తం కాచుకుని ఉంది. తెలివైన పిల్ల. ఒకరోజు మన దర్శనాల్లో ఉన్న పాత తగాదా చెబుతున్నాను: దీపం వస్తువులను చూపిస్తుంది, తనను తానూ చూపించుకుంటుంది, జ్ఞానం కూడా అంతేనా, లేక దాన్ని తెలుసుకోవడానికి ఇంకో జ్ఞానం కావాలా? చెయ్యెత్తింది.

"మా నాయన టోపీకి ఉండే లాంపు ఆయన మొగాన్ని ఆయనకు చూపించదు సార్. ఎదురుగా వచ్చేవాళ్ల లాంపు చూపిస్తాది."

క్లాసు నా వైపు చూసింది. బాగుందనడానికి బదులు, "అది ఉపమానమే, వాదం కాదు" అని ముందుకు వెళ్లిపోయాను. ఆ మాట నాకు తోచనందుకు ఉడుక్కున్నానని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం దానికి శాస్త్ర నియమం అని పేరు పెట్టుకున్నాను.

ఓడ, తుఫాను, చెప్పు

స్టోయిక్కుల గురించి ఒక పాత కథ ఉంది. ఒక జ్ఞాని ఓడలో పోతున్నాడు. తుఫాను వచ్చింది. అందరూ గగ్గోలు పెడుతున్నారు. జ్ఞాని ఏడవలేదు, అరవలేదు, కానీ ముఖం తెల్లగా పాలిపోయింది. పక్కనున్న మనిషి ఆ ముఖం చూసి పెట్టుకున్నాడు. తుఫాను తగ్గాక అడిగాడు, "నీకు భయం ఉండదన్నావే, మరి ముఖం ఎందుకు పాలిపోయింది?"

క్లాసులో ఈ కథ చెబుతూ ఇక్కడికి వచ్చాను. జ్ఞాని ఏం చెప్పాడో చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. ఒక చెయ్యి కూడా పైకెత్తాను.

భూమి అదిరింది.

గని లోతుల్లో రాయి ఒత్తిడికి పగిలితే పైన ఊరు అదురుతుంది. కె.జి.ఎఫ్.లో పుట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. నాకు వినికిడే కానీ అనుభవం లేదు. కిటికీ రెక్కలు గలగలమన్నాయి, నల్లబల్ల గోడకేసి కొట్టుకుంది. తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, నేను మైదానంలో ఉన్నాను. ఎలా వచ్చానో ఈ రోజుకీ గుర్తులేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. నాతోపాటు బయటికి వచ్చింది కాలేజీలో తిరిగే కుక్క ఒక్కటే. అది కూడా నన్ను చూసి కొంచెం సిగ్గుపడినట్టు అనిపించింది.

కాలికి ఒక చెప్పే ఉంది.

తిరిగి లోపలికి వెళ్లాను. పిల్లలెవరూ కదల్లేదు. ఎక్కడివాళ్లు అక్కడే, తలలు కొంచెం వంచి, చడీచప్పుడు లేకుండా కూర్చున్నారు. స్టోయిక్కులను నేను పుస్తకంలో వెతుకుతున్నాను, వాళ్లు నా ఎదుటే ఉన్నారు కదా అనుకున్నాను. నా రెండో చెప్పును ఎవరో మర్యాదగా తెచ్చి బల్ల పక్కన పెట్టారు. దాని మూతి తలుపు వైపే ఉంది.

దాంట్లో కాలు పెడుతుంటే వినబడింది. ప్రేమలీల నవ్వుతోంది. నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా, కళ్లలో నీళ్లు కారేలా నవ్వుతోంది.

"బయటికి పో" అన్నాను.

"సార్, నేను..." అని లేచింది. మిగతా మాట నవ్వులో కొట్టుకుపోయింది.

"నవ్వడం అయినాక రా."

మర్నాడు వచ్చింది. నవ్వడం లేదు. క్షమాపణ చెబితేనే లోపలికి రానిస్తానన్నాను. ఏం తప్పు చేసిందో చెప్పమంది. నీకే తెలుసన్నాను. "నాకు తెలీదు సార్. మీకు తెలిస్తే చెప్పండి" అన్నది. మామూలుగానే అడిగింది, పొగరేమీ లేదు. నేను చెప్పలేను. చెప్పాలంటే మైదానం గురించీ, కుక్క గురించీ చెప్పాలి. తలుపు వేసుకున్నాను.

ఆ రోజు నుంచి ఆమె వరండాలో, క్లాసు కిటికీ బయట నిలబడి, పుస్తకం కిటికీ గట్టు మీద పెట్టుకుని నోట్సు రాసుకునేది. లోపల నేను ఆమెకు గైర్హాజరు వేసేవాణ్ణి. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరని ఇద్దరికీ తెలుసు. ఆ సంవత్సరం పరీక్ష పోతే ఆమెను ఇంకో ఏడాది చదివించే స్తోమత ఆ ఇంటికి లేదనీ తెలుసు. కోపం గురించి నేను చాలా బాగా పాఠం చెప్పిన రోజులవి. కిటికీ వైపు చూడకుండా చెప్పేవాణ్ణి.

అనపకాయల కాలం

మా ప్రిన్సిపాల్ గారు లక్కూరు మనిషి, చరిత్ర చెప్పేవారు. చలికాలంలో చిక్కుడులాంటి అనపకాయలు వచ్చాయంటే ఆయన గదికి మీటింగుకు వెళ్లడమంటే పితుకుపప్పు చేయడానికి వెళ్లడమే. బల్ల మీద పాత పేపరు పరిచి, నానబెట్టిన గింజలు కుప్ప పోసేవారు. మాట్లాడుతూనే ప్రతివాడూ గింజను వేళ్ల మధ్య పట్టుకుని నొక్కాలి. తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి దూకాలి. సిలబస్ మార్పులు, బెంచీల రిపేర్లు, అన్నీ ఆ పప్పు మధ్యే తేలిపోయేవి. సాయంత్రం ఆయన గిన్నె మూత పెట్టుకుని ఇంటికి పోయేవారు. దీని మీద మాలో కొందరికి అభ్యంతరం ఉండేది. నాకు మాత్రం నా పై అధికారులందరిలో ఆయనే నచ్చారు. చెయ్యి పనిలో ఉంటే మనిషి అబద్ధం సరిగా చెప్పలేడని ఆయనకు తెలుసునని నా అనుమానం.

పరీక్షకు పేర్లు పంపే వారం నన్ను పిలిపించారు.

"ఏమప్పా, ఆ బిడ్డ పేరు పంపించేదా, వద్దా?"

హాజరు లేదు సార్, క్షమాపణ చెబితే చూద్దామన్నాను. క్రమశిక్షణ అన్నాను. తరగతి గౌరవం అన్నాను. ఆయన వింటూ గిన్నెలోకి చూశారు.

"పప్పు చితికిపోతా ఉండాది. ఎవురి మీదప్పా కోపం?"

"కోపం ఏమీ లేదు సార్."

"అట్లనా. అయితే ఈ తూరి అనపకాయల్లోనే ఏదో ఉండాది."

గిన్నెలో నా వైపున్నదంతా పచ్చడిలా ఉంది. రేపు సాయంత్రానికి చెప్పమన్నారు. ఆ తర్వాత జాబితా వెళ్లిపోతుందన్నారు.

అడ్డగోడ

అప్పట్లో మేము కార్మికుల లైన్లలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. వరసగా ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. ఆ గోడ పైకప్పు దాకా పోదు. ఇవతల తుమ్మితే అవతల నుంచి దీవెన వస్తుంది. మా అవతల ఆరోగ్యమ్మ గారుండేవారు. ఆవిడ నాతో ఎప్పుడూ నేరుగా మాట్లాడలేదు. నాతో ఏదన్నా అనాలంటే గోడ మీదుగా రత్నమ్మతో అనేవారు. నేను పక్కనే కూర్చుని, విననట్టు వినాలి. అదీ అక్కడి మర్యాద.

ఆ సాయంత్రం నేను గోడ వైపు తిరిగి మర్నాటి పాఠం వల్లె వేసుకుంటున్నాను. రత్నమ్మ రాగులు చెరుగుతోంది. ఆమెది కామసముద్రం, పట్టుపురుగులు పెంచిన ఇల్లు. పురుగు మేత మానితే, ఎందుకు మానిందని దాన్నడగరు, పక్కనున్నవి చూస్తారని చెప్పేది. నన్ను కూడా అలాగే చూసేది.

"ఇంగ ఎన్ని రోజులు చెప్తారు ఆ గోడకు, కోపం లేదని?" అన్నది.

నాది కోపం కాదు, క్రమశిక్షణ అన్నాను.

గోడ అవతల కూడా చెరుగుతున్న చేట చప్పుడు ఆగింది. "రత్నమ్మా, అది కోపం గాదమ్మా. సిగ్గు" అన్నారు ఆరోగ్యమ్మ గారు.

"అదే నేనూ అనుకుంటా ఉండాను అక్కా. పరిగెత్తినారు గదా."

నేను పరుగెత్తిన సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవురు చెప్పలేదని అడగండి. పాలాయన చెప్పినాడు, చర్చి దగ్గర చెప్పుకున్నారు, బండి దగ్గర ఇడ్లీలు కొంటా ఉంటే కూడా చెప్పినారు. ఆ కుక్క ఒగటే చెప్పలేదు."

నేను పండితుణ్ణి కదా, నాకు వెంటనే ఒక సందు దొరికింది. అది భయం కాదన్నాను. స్టోయిక్కుల ప్రకారం మొదటి అదురు ఎవరికైనా వస్తుంది, అది మనసు ఒప్పుకోకముందే ఒంటికి జరిగేది, దానికి మనిషి బాధ్యుడు కాడు. నా కాళ్లు పరుగెత్తాయి, నేను కాదు.

"రత్నమ్మా, సార్‌కు ఒక మాట చెప్పు" అన్నారు ఆరోగ్యమ్మ గారు. "భూమి అదిరితే మా పిల్లలు పరిగెత్తరు. సైరన్ కూస్తాదేమో అని వింటా ఉంటారు. కూస్తే లోపల ఎవురికో ఏదో అయిందని. ఎవురి నాయన షిఫ్టులో ఉంటే ఆ పిల్లకు ఊపిరాడదు. ఆ పొద్దు ప్రేమలీల నాయన లోపలే ఉండినాడు. దేవుని దయ, సైరన్ కూయలేదు. ఆ పిల్లకు భయం వస్తే నవ్వే వస్తాది, చిన్నప్పటి నుంచీ అంతే. వాళ్లవ్వ శవప్పెట్టెను గుంతలోకి దించేటప్పుడు కూడా నవ్వినాది. ఫాదర్ ప్రార్థన ఆపేసి చూసినాడు. వాళ్లమ్మ కొట్టినాది, ఏడ్చినాది, ఇంగా నవ్వినాది."

నా ఎదుట కూర్చున్నవాళ్లు స్టోయిక్కులు కారు. చెవులు మాత్రమే బతికి ఉన్న పిల్లలు. ఆ కళ్లనీళ్లు నవ్వువి కావు. ఆమె నన్ను చూసి నవ్వలేదు. అసలు నేను పరుగెత్తడం ఆమె చూసిందో లేదో.

రత్నమ్మ చేట కింద పెట్టింది. "మీరు పరిగెత్తినారు. ఆ పిల్ల నవ్వినాది. రెండూ ఒగటే గదండీ. మీ కాళ్లకు మాఫీ అయితే ఆ పిల్ల నోటికి లేదా?"

గ్రీకుల నుంచి అమెరికా దాకా ఎవరి పుస్తకంలోనూ ఈ ప్రశ్న నుంచి తప్పించుకునే దారి నాకు దొరకలేదు. నా గైర్హాజరు గుర్తులకు అసలు పేరేమిటో అప్పుడు తెలిసింది. ఒక మనిషి సిగ్గు పడలేక, ఆ సిగ్గును ఇంకొకరి తల మీద పెట్టి, దానికి క్రమశిక్షణ అని పేరు రాశాడు.

మీరు చేరబోయే ఉద్యోగంలో ఇది రోజూ జరిగే ప్రమాదం. ఉద్వేగాల పేర్లన్నీ మనకు వచ్చు కాబట్టి, మనదానికి మనం గౌరవమైన పేరు వెతుక్కోవడం మిగతావాళ్లకన్నా తేలిక. రైతుకు కోపం వస్తే కోపమే. మనకు వస్తే సిద్ధాంతం.

మళ్లీ తలుపు

మర్నాడు ప్రేమలీలను లోపలికి పిలిచాను. వచ్చి తన చోట కూర్చుంది. ముఖం బిగించుకుని ఉంది. క్షమాపణకు గంభీరమైన వాక్యాలు తయారు చేసుకుని వెళ్లాను. మొదటి రెండూ బాగానే వచ్చాయి. ఆ రోజు పరుగెత్తింది నేను, సిగ్గుపడింది నేను, శిక్ష పడింది ఈమెకు అన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం లేదు. పంతులు బుద్ధి ఊరుకోదు కదా, ఉదాహరణ చూపించాలనిపించింది.

"ఇదిగో, ఇక్కడ నిలబడ్డాను. చెయ్యి ఇలా ఎత్తాను. ఇలా తిరిగి..."

ఆ రోజు జారిన అదే వదులు చెప్పు. అదే కాలు. చెప్పు జారి, ఎగిరి, ముందు బెంచీ కింద పడింది.

నాకు నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. ఆపుకుందామని నల్లబల్ల వైపు తిరిగాను, దాని మీద నా చేతిరాతలో 'భావముల నిగ్రహము' అని కనబడింది. ఇక పట్టలేకపోయాను. బల్ల పట్టుకుని వంగిపోయాను. నవ్వు క్లాసుకూ అంటుకుంది. బెంచీలు కదులుతున్నాయి, వెనక ఎవరో ఏడుస్తున్నట్టు నవ్వుతున్నారు. హాలండు ఆయన చెప్పింది నిజమే కావచ్చు. అర్థమైన సిగ్గు ఇంకేదో అయిపోతుంది. అది ఇంత చప్పుడు చేస్తుందని మాత్రం ఆయన రాయలేదు.

ఆ గదిలో నవ్వనిది ప్రేమలీల ఒక్కతే. లేచి నిలబడింది.

"సార్, బయటికి పోండి."

క్లాసు ఒక్కసారిగా ఆగిపోయింది. నేను ఆగలేకపోయాను.

"నవ్వడం అయినాక రాండి" అన్నది.

పోయాను. ఒంటి చెప్పుతోనే పోయాను. వరండాలో ఆమె నిలబడే కిటికీ దగ్గర నిలబడ్డాను. గట్టు మీద ఆమె మోచెయ్యి ఆనిన చోట సున్నం అరిగి ఉంది. లోపల ఆమె బల్ల దగ్గరికి నడిచింది. నేను సగంలో వదిలేసిన ఓడ కథ ఆ క్లాసుకు ఎవరూ పూర్తి చేయలేదు. పుస్తకంలో చదువుకుని ఉందేమో, ఆమె పూర్తి చేసింది.

"జ్ఞాని ఏం చెప్పినాడంటే, మొగం పాలిపోయేది నేను చేసింది కాదు, నాకు అయింది అన్నాడు. దాన్ని ఎవురూ ఆపలేరు. తుఫాను ఆగినాక ఏం చేస్తామో అదే మనది."

రెండో సగం. నా కాళ్లకు మాఫీ వెతుక్కున్నప్పుడు నేను వదిలేసిన సగం. అది చెప్పి, ముందు బెంచీ కింద పడున్న నా చెప్పు వైపు చూసింది. ఓణీ కొంగు నోటి దగ్గరికి పోవడం చూశాను. ఈసారి ఆమె నవ్వు ఎలాంటిదో అడగవలసిన పని లేకపోయింది.

ప్రిన్సిపాల్ గారు అటుగా వచ్చారు. కళ్లు తుడుచుకుంటున్న నన్నూ, నా కాళ్లనూ, లోపల పాఠం చెబుతున్న పిల్లనూ చూశారు.

"ఏమప్పా, బయట నిలబడుకున్నావు?"

"పంపించేసినారు సార్."

"యాల?"

"నవ్వినాను."

ఆయన ఆలోచించారు. "జాబితా ఈ సాయంత్రమే పోతాది."

కిటికీ దగ్గర నిలబడిన రోజులన్నీ ఆమె హాజరుగానే ఉందని చెప్పాను. ఒక్క మాట వదలకుండా విన్నదనీ, గైర్హాజరు లోపలున్నవాడిదనీ చెప్పాను. దిద్ది సంతకం పెట్టి తెస్తానన్నాను.

"తీసుకురా. పేరు రాస్తాను" అన్నారు. కోటు జేబులోకి చెయ్యి పెట్టి, గుప్పెడు నానిన అనప గింజలు తీసి నా దోసిట్లో పోసి, ముందుకు వెళ్లిపోయారు.

లోపలికి పిలిచేదాకా వాటిని పితుకుతూ అక్కడే నిలబడ్డాను. ఒక్కటీ చితకలేదు.